ప్రోగ్రామర్ల అలమరలో ఏ పుస్తకాలుండాలి? – ఆ జాబితా మీద నా అభ్యంతరం

కొంచెం పెద్ద పోస్టే, తీరిక చేసుకుని చదవండి. కోపం వస్తే మీటింగులో నా ముందే తిట్టండి, పక్క గ్రూపులో కాదు.

సంఘం గదిలో సాఫ్ట్‌వేర్ చదివే మన పిల్లల కోసం పుస్తకాల అలమర పెడదామన్న తీర్మానం మంచిది. నేనూ చెయ్యెత్తాను. కానీ మొన్న గ్రూపులో వచ్చిన జాబితా చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. మొత్తం 22 పుస్తకాలు. అందులో 15 ఏదో ఒక కంప్యూటర్ భాష నేర్పేవి. జావా, పైథాన్, మళ్లీ జావా. మిగిలిన ఏడూ ఇంటర్వ్యూ గట్టెక్కించేవి. ఉద్యోగంలో చేరిన మర్నాడు, పదిమంది కలిసి రాస్తున్న ప్రాజెక్టులో కూర్చున్న పిల్లాడికి అక్కరకొచ్చే పుస్తకం ఒక్కటీ లేదు. ఇది ఉద్యోగం సంపాదించే జాబితా. ఉద్యోగం చేసే జాబితా కాదు.

"రిటైరైన రైల్వే గుమాస్తాకి ప్రోగ్రాముల సంగతేం తెలుసు?" అని ఎవరైనా అడగొచ్చు. సబబైన ప్రశ్నే. నాకు ప్రోగ్రాం రాయడం రాదు. కానీ ఎవరో రాసిన ప్రోగ్రాముతో కౌంటర్లో కూర్చుని, అవతల క్యూలో ఉన్న మనిషికి జవాబు చెప్పిన అనుభవం ఉంది. ఆ కథ ఈ విషయానికి సంబంధించిందే కాబట్టి చెప్తాను.

రైల్వేలో కంప్యూటర్ రిజర్వేషన్ 1980ల మధ్యలో ఢిల్లీలో మొదలైంది. 1986లో ఈ పనుల కోసమే 'క్రిస్' అనే సంస్థ పెట్టారు. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదుల్లోనూ కంప్యూటర్లు వచ్చాయి. అయితే దేని లెక్క దానిదే. ఒక కేంద్రం లెక్కలో ఉన్న బెర్తు ఇంకో కేంద్రం కౌంటర్లోంచి నేరుగా ఇవ్వడానికి లేదు. క్రిస్ వాళ్లు 'కాన్సర్ట్' అనే కొత్త ప్రోగ్రాం తయారుచేసి, 1999 నాటికి ఐదింటినీ కలిపారు. ఇప్పుడు ఫోన్లో నిమిషంలో టికెట్ తీసుకునే కుర్రాళ్లకి ఇది వింతగా ఉండొచ్చు.

ఆ మధ్య గడిచిన పది పన్నెండేళ్లూ ఎవరికో ఒక కంప్యూటర్ భాష రాక పోయాయా? కాదు. ఐదు ఊళ్లలో లెక్క ఒక్కటిగా ఎలా ఉండాలి, ఒకే బెర్తు ఇద్దరికి పోకుండా ఎలా కాయాలి, ఒక్కరోజు కూడా కౌంటరు మూయకుండా పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఎలా మారాలి. పెద్ద పని ఎక్కడైనా చిక్కుపడేది ఇలాంటి చోటే. దీనికి భాష నేర్పే పుస్తకం సరిపోదు.

అలాగని ఈ విషయం మీద పుస్తకాలు లేవా అంటే, యాభై ఏళ్ల నించీ ఉన్నాయి. ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఆయన ఐబీఎం కంపెనీలో సిస్టమ్ 360 అనే పెద్ద కంప్యూటర్ పని నడిపించాడు. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఆలస్యం కావడం కళ్లారా చూసి, 1975లో 'ద మిథికల్ మ్యాన్-మంత్' అని ఒక పుస్తకం రాశాడు. అందులో ముఖ్యమైన సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని పెంచితే అది ఇంకా ఆలస్యమవుతుంది.

మనకి అర్థమయ్యేలా చెప్తాను. చేత్తో చార్టు రాసే రోజుల్లో, బండి రావడానికి అరగంట ముందు చార్టు పూర్తి కాలేదనుకోండి. ఇంకో నలుగురు కొత్త గుమాస్తాల్ని తెచ్చి కూర్చోబెడితే ఏమవుతుంది? రాస్తున్నవాడు కలం పక్కన పెట్టి వాళ్లకి కోటాలు వివరించాలి. ఈలోగా బండి ప్లాట్‌ఫారం మీదకి వచ్చేస్తుంది. బ్రూక్స్ దీనికి లెక్క కూడా చూపించాడు. ఐదుగురు పనిచేస్తే, ఎవరితో ఎవరు మాట్లాడుకోవాలో చూస్తే పది జతలు. పదిమందైతే ఇరవై కాదు, నలభై అయిదు జతలు. మన పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో రాత్రి పదకొండింటికి ఇంకా ఆఫీసులో ఎందుకున్నారో తెలుసుకోవాలంటే తల్లిదండ్రులు కూడా చదవాల్సిన పుస్తకం ఇది.

రెండోది మైకేల్ ఫెదర్స్ 2004లో రాసిన 'వర్కింగ్ ఎఫెక్టివ్‌లీ విత్ లెగసీ కోడ్'. లెగసీ అంటే ఎవరో రాసి వెళ్లిపోయిన పాత ప్రోగ్రాం. కొత్తగా చేరిన పిల్లాడికి ఎవరూ తెల్లకాగితం ఇవ్వరండీ. పాత రిజిస్టరే ఇస్తారు. రాసినవాడు బదిలీ అయిపోయి ఉంటాడు. సరిగ్గా నడుస్తోందని చూపించే పరీక్షలు లేని ప్రోగ్రాం ఏదైనా, నిన్న రాసిందైనా సరే, లెగసీయే అంటాడు ఈయన. ఇది నాకు చాలా నచ్చింది. ఛార్జి అప్పగించేటప్పుడు నగదు, టికెట్లు లెక్క చూసి ఇద్దరూ సంతకం పెట్టకపోతే నిన్నటి బాకీ ఇవాళ్టివాడి మెడకే చుట్టుకుంటుంది కదా.

మూడోది హంట్, థామస్ కలిసి 1999లో రాసిన 'ద ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్'. ఇరవయ్యేళ్ల తర్వాత వాళ్లే మళ్లీ సరిదిద్దారు, ఆ కొత్తది కొనాలి. పదిమంది ఒకే ప్రోగ్రాం మీద చెయ్యి పెట్టినప్పుడు ఎవరు ఏ మార్పు చేశారో పట్టుకునే పద్ధతి గురించి 'ప్రో గిట్' అని ఒకటుంది, అది ఇంటర్నెట్‌లో ఉచితం. పైసా అక్కర్లేదు. భాష పుస్తకం ఒకటైనా ఉండాలని పట్టుబడితే కెర్నిఘాన్, రిచీల సీ భాష పుస్తకం పెట్టండి. 1978లో మొదట వచ్చింది, 1988లో రెండో కూర్పు, మూడొందల పేజీలు కూడా లేవు. ఆ భాషని తయారుచేసిన రిచీయే రాసింది మూడొందల్లో ఇమిడితే, జాబితాలో ఉన్న వెయ్యి పేజీల దిండ్లు ఎవరి కోసం?

ఇక యువజన విభాగం కుర్రాడు పెట్టిన మెసేజ్: "తాతగారూ, ఇప్పుడు ఏఐ ప్రోగ్రాం రాసేస్తోంది, యూట్యూబ్ ఉంది, పుస్తకాలు దండగ." బాబూ, యంత్రం రాసిందీ నువ్వు రాయనిదే కదా? పరాయివాడు రాసింది చదివి, తప్పు ఎక్కడుందో పట్టుకుని, మిగతాది చెడకుండా సరిచెయ్యడమే నీకు మిగిలిన ఉద్యోగం. నేను పైన చెప్పిన పుస్తకాలు నేర్పేది అదే. నీ మాట నిజమైతే దండగయ్యేవి జాబితాలో ఉన్న ఆ 15 భాషా పుస్తకాలే.

"ఇవన్నీ ఇంగ్లీషు, మన పిల్లలు చదవరు" అన్నారు ఒక పెద్దాయన. ఇందులో నిజముంది. భంజనగర్‌లో మన పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. ఉద్యోగంలో చేరగానే ఇంగ్లీషు రూల్స్ పుస్తకం చేతిలో పెట్టారు. పక్క సీటు సీనియర్ రోజుకో పేజీ తెలుగులో విప్పి చెప్పబట్టి నాకు అర్థమైంది. ఆ పుస్తకానికి మార్పులొస్తే కరెక్షన్ స్లిప్పులు వచ్చేవి, అంటించుకోవడం మా పని. అంటించనివాడి పుస్తకం ఎంత కొత్తగా మెరిసినా పనికిరాదు. కాబట్టి పుస్తకం ఇంగ్లీషులో ఉండనివ్వండి, దాని గురించి మాట తెలుగులో జరగాలి. తమిళనాడులో ప్లస్ టూ కంప్యూటర్ సైన్సు పాఠ్యపుస్తకం తమిళంలోనే ఉంది, పిల్లలు దాన్ని చదివే పరీక్షలు రాస్తున్నారు. మనకి పక్కనున్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు, మనుషులు మాట్లాడే భాషలో చదువు ఉండాలని ఊరంతా ఎదురైనా పోట్లాడారు. సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని మరీ పుస్తకాలు తయారుచేశారు. ఆయన ఫొటోకి ఏటా దండ వేసే సంఘం, వారానికో గంట తెలుగులో ఒక అధ్యాయం చదివించలేదా?

సాహిత్య విభాగంవారికి ఒక మాట. సంఘం డబ్బు కథలకీ కవితలకే అన్నారు. కథల పుస్తకాలు ఉన్న అలమర తాళం ఆఖరిసారి ఎప్పుడు తీశారో రిజిస్టరు చూసి చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం.

నా ప్రతిపాదన ఇది. 22 వద్దు. బ్రూక్స్, ఫెదర్స్, హంట్-థామస్, కెర్నిఘాన్-రిచీ, నాలుగే కొనండి, ఒక్కోటి రెండేసి కాపీలు. ఇంటర్వ్యూ పుస్తకం ఒకటి ఉంచండి, ఆకలి సంగతి నాకూ తెలుసు. ఆదివారం సాయంత్రం గంటసేపు చదువు. సెలవులకి వచ్చిన మన ఉద్యోగస్తుల పిల్లలు ఎవరైనా కూర్చుని, వాళ్ల ప్రాజెక్టులో జరిగింది పక్కన పెట్టి చెప్తే ఇంకా మంచిది. పుస్తకాల రిజిస్టరు నేను చూసుకుంటాను, అది నాకు చేతనైన పని.

ఆర్డరు ఇంకా పెట్టలేదని కోశాధికారిగారు నిన్న చెప్పారు. వచ్చే ఆదివారం మీటింగులో ఇదే మొదటి అంశంగా తీసుకోవాలని కోరుతున్నాను.