ఈ మూడు అంకెలు మనకు నోటికి రావాలి

ఎక్కాలు అడిగితే మనం గడగడా అప్పజెబుతాం. మరి 43, 48, 53 అంటే ఏమిటో ఎంతమందిమి చెప్పగలం? భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. గోదావరి ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో చదువుకునే ప్రతి విద్యార్థికీ ఈ అంకెలు నోటికి రావాలని నా అభిప్రాయం.

ఎందుకంటే వరద ముందుగా ఎవరి గడప తొక్కుతుందో మనకు తెలుసు. మెరక మీద ఊరు, పల్లంలో మన పేట. చాలాచోట్ల ఇదే వరస. అది మనం కోరుకున్న చోటు కాదు, మనకు మిగిలిన చోటు. అందుకే హెచ్చరిక మెరక మీద వాళ్లకు వార్త అయితే, మనకు ప్రాణం.

"ఇక్కడ చినుకే లేదు, వరదేమిట్రా?" అంటారు ఇంట్లో పెద్దలు. గోదావరి మన ఊరి వానతో పొంగదు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతుల మీదుగా వస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు కూనవరం దగ్గర శబరి నీరు వెనక్కి ఎగదన్ని ఊళ్లను ముంచుతుంది. "ఎనభై ఆరులోనే మా అరుగు ఎక్కలేదు" అనేది ఇంకో ధీమా. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన మాట నిజమే. కానీ రోడ్లు, గట్లు, ఇళ్లు పెరిగేకొద్దీ నీరు నడిచే దారీ మారుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు.

ఇల్లు వదలని వాళ్లను మూర్ఖులనడం నాకు నచ్చదు. గేదె, నాలుగు కోళ్లు, బియ్యం బస్తా, అదే వాళ్ల ఆస్తి. పునరావాస కేంద్రంలో పశువులకు చోటు లేకపోతే గేదెను కట్టుకొయ్యకు వదిలి ఎలా వస్తారు? ఆ చోటు అధికారులను ముందే అడగాలి. అడగడానికే కదా మనం చదువుకుంటున్నది!

మన చేతిలో ఉన్న పనులూ ఉన్నాయి. కుల ధ్రువపత్రం, పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవరులో కట్టి అటక మీద పెట్టించండి. నా మెమో ట్రంకు పెట్టెలోనే తడిసి ముద్దయింది. నకలు కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు నాకింకా గుర్తే. నీరు ఇంట్లోకి రాకముందే కరెంటు మెయిన్ ఆపాలి. కాచిన నీళ్లే తాగాలి. రోడ్డు మీద పారే నీటిని "మోకాలి లోతేగా" అని దాటకండి. పారే నీరు మోకాలి లోతున్నా మనిషిని పడేస్తుంది, కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో కనబడదు. ఆపదలో 112కు ఫోన్ చేయాలి.

చివరగా ఒక కోరిక. వానాకాలంలో మన నోటీసు బోర్డు మీద రోజూ భద్రాచలం నీటిమట్టం రాయాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంటికి ఫోన్ చేసి "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగాక, ఆ అంకె కూడా చెప్పండి. 43 దాటితే మూటలు సర్దమనండి. 48 దాటేదాకా ఆగొద్దని గట్టిగా చెప్పండి. ఇంట్లో చదువుకున్నది మీరే. మీ మాట వింటారు.