తుడిచే చేతులకు లెక్క లేదు

ఢిల్లీలో మంత్రిత్వశాఖల భవనాల చుట్టూ తిరిగే మాబోటి విలేకరులకు మొదట ఎదురయ్యేది ప్రభుత్వోద్యోగి కాదు. ద్వారం దగ్గరి కాపలాదారు, మన పేరు కంప్యూటరులో ఎక్కించే డేటా ఎంట్రీ ఆపరేటరు, వరండా తుడిచే మనిషి... వీరిలో చాలామంది ఏదో ఒక ఏజెన్సీ తరఫున వచ్చినవారే. పని కేంద్ర ప్రభుత్వానిది, ఆజ్ఞ సెక్షన్ ఆఫీసరుది, జీతం మాత్రం కాంట్రాక్టరు చేతి మీదుగా వస్తుంది.

2021 మార్చి 1 నాటికి మంజూరైన 40.35 లక్షల పోస్టులలో 9.79 లక్షలు ఖాళీగా ఉన్నాయని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఖాళీల లెక్క దశాంశాలతో సహా ఉంది. ఆ ఖాళీల చోట పని ఎవరితో నడుస్తోందని అడిగితే మాత్రం సమాచారాన్ని కేంద్రీకృతంగా నిర్వహించడం లేదన్న జవాబే వస్తుంది. ఆ వాక్యం మాకు కంఠస్థమైపోయింది. ఇందులో వింతేమీ లేదు. పొరుగు సేవల సిబ్బంది పద్దు జీతాల కింద రాదు, సేవల కొనుగోలు కింద వస్తుంది. కుర్చీలు, కాగితాలు కొనే జెమ్ పోర్టల్‌లోనే మనుషుల సేవలకూ బిడ్లు పిలుస్తారు. కొన్న కుర్చీల పేర్లు ఎవరైనా అడుగుతారా?

ఈ దేశంలో చట్టం ఒకప్పుడు మరోలా ఆలోచించింది. ఏడాది పొడవునా సాగే శాశ్వత స్వభావం గల పనుల్లో కాంట్రాక్టు కార్మికులను నిషేధించే అధికారాన్ని 1970 నాటి చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ అధికారంతో కేంద్రం 1976 డిసెంబరు 9న ఒక నోటిఫికేషన్ తెచ్చింది. తన పరిధిలోని సంస్థల భవనాలను ఊడ్చడం, శుభ్రపరచడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం వంటి పనులకు కాంట్రాక్టు పద్ధతి పనికిరాదన్నది దాని సారాంశం. నిషేధించిన చోట ఆ కార్మికులు నేరుగా యజమాని ఉద్యోగులే అవుతారని ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది, 1976 నోటిఫికేషన్‌ను కూడా కొట్టివేసింది.

మిగిలిన పని 2020 సెప్టెంబరులో పార్లమెంటు పూర్తి చేసింది. వృత్తి భద్రత కోడ్ ప్రధాన కార్యకలాపాలలో కాంట్రాక్టు కార్మికులను నిషేధిస్తున్నట్టు పైకి కనిపిస్తుంది. సంస్థ స్థాపనే ఆ పనుల కోసం అయితే తప్ప, పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, తోటపని, హౌస్‌కీపింగ్ ప్రధాన కార్యకలాపాలు కావని నిర్వచనం దగ్గరే తేల్చేసింది. 1976లో ఏ చీపురును కాంట్రాక్టరు చేతి నుంచి లాక్కున్నారో అదే చీపురును మళ్లీ అతని చేతికి అందించారు. రాజ్యసభలో ఆ బిల్లు గట్టెక్కిన రోజు ప్రతిపక్షం సభను బహిష్కరించి బయట ఉంది. సాగు బిల్లుల మీద ఆగ్రహం న్యాయమైనదే కావచ్చు. కానీ ఈ నిర్వచనాన్ని ప్రశ్నించవలసిన వారి కుర్చీలు ఆనాడు ఖాళీగా ఉన్నాయి.

2024 ఆగస్టులో ఉన్నతాధికార పదవులకు 45 మందిని బయటినుంచి తీసుకుంటామని యూపీఎస్సీ ప్రకటన వెలువడింది. రిజర్వేషన్ లేదని దేశమంతా గగ్గోలు పుట్టింది. మూడు రోజులకే ప్రకటన వెనక్కి పోయింది. ఆ ఆందోళన సబబే. అయితే అదే రాజకీయ వర్గం, అదే రాజ్యాంగ వాదన, ఒకనాటి నాలుగో తరగతి పోస్టులు ఏజెన్సీల పాలైనప్పుడు ఎందుకు మూగబోయింది? ఒకప్పుడు దళిత కుటుంబాలకు పింఛనుతో కూడిన తొలి ప్రభుత్వోద్యోగం దొరికింది ఆ మెట్టు మీదే. ఈనాడు అదే మెట్టు మీద అదే కులాలవారు అదే పని చేస్తున్నారు. పోయింది ఉద్యోగ భద్రత మాత్రమే.

2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ముందు నిలిచినవారు కేంద్ర జలసంఘంలో దశాబ్దాలుగా ఊడ్చినవారు, తోటపని చేసినవారు. 2018లో వారిని ఒక్క ఉత్తర్వుతో ఇంటికి పంపి, ఆ పనిని ప్రైవేటు ఏజెన్సీకి అప్పగించారు. దొడ్డిదారి నియామకాలను ఆపడానికి 2006లో వచ్చిన ఉమాదేవి తీర్పును ఇలాంటి దీర్ఘకాల సేవకుల మీద ఆయుధంగా వాడుతున్నారని కోర్టు మందలించి, వారి సర్వీసును క్రమబద్ధీకరించమంది. న్యాయం జరిగింది, నిజమే. కాని కోర్టు మెట్లెక్కిన కొద్దిమందికే జరిగింది. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారికి ఈ దారి ఇంకా ఇరుకు. ఎందుకంటే ప్రభుత్వం వారిని తన మనుషులుగానే ఒప్పుకోదు. ఆంధ్రప్రదేశ్ 2020లో దళారులను తప్పించడానికి పొరుగు సేవలకు సొంత కార్పొరేషన్‌ను నడపడం మొదలుపెట్టింది. ఉద్యోగం పర్మనెంటు కాలేదు గాని, యజమాని ఎవరన్నది కనీసం తెలిసింది.

కేంద్రం అంతవరకైనా రావాలని అడగడం అత్యాశ అనుకుంటే, ఇంకా చిన్న కోరిక ఒకటుంది. బడ్జెట్‌తో పాటు వెలువడే వ్యయ వివరాల పత్రంలో ఏ శాఖలో ఎంతమంది సిబ్బందో చూపే పట్టిక ఉంటుంది. దాని పక్కన పొరుగు సేవల సిబ్బంది సంఖ్య, వారికి చెల్లించే వేతనం, వారి సామాజిక వర్గం తెలిపే గడులు చేర్చాలి. దీనికి చట్ట సవరణ అక్కరలేదు, ఆర్థికశాఖ ఒక సర్క్యులరు పంపితే సరిపోతుంది.