దోషము పెట్టెలో లేదు

వైర్‌లెస్ పరికరమేదైనను పలుకుట మానినంతనే పెట్టెను మార్చివేయుట మన పట్టణములలో నొక ఆచారముగా స్థిరపడిపోయినది. జనగామలో ఇంటర్నెట్ కనెక్షను లిచ్చు కుర్రవాడు గాని, మానుకోటలో డాబా మీద ఇనుపగొట్టమెత్తి పొలములోని మోటారు గది వరకు వైఫై సంధానము నెలకొల్పుకొన్న పాలిటెక్నిక్ విద్యార్థి గాని, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్సులో సాయంకాలములందు హామ్ రేడియో వినుచుండు ఉద్యోగి గాని, సంకేతము క్షీణించినప్పుడు మొదట అనుమానించునది రౌటరును, లేదా రేడియో సెట్టును. దానికి కరెంటు నందించు అడాప్టరును, దానిని ఆంటెన్నాతో కలుపు కేబులును, ఆ కేబులు కొసన ఉన్న అతుకును, ఆ అతుకులో నిలిచిన వాననీటి బొట్టును అనుమానించువారు అరుదు. ఇందువలన సొమ్ము వృథా యగుట యొక నష్టము. దోషమును వెదకి పట్టుకొను విద్య మన జిల్లాలలో వేరూనకుండుట అంతకంటె పెద్ద నష్టము. ఈ విద్యను కొందరు అభిరుచిగాండ్ర కాలక్షేపముగా కాక జిల్లాకు కావలసిన ఉమ్మడి సొత్తుగా నెంచి, ఈ మూడు జిల్లాలలోను దానికొక బల్లయు, నాలుగు పనిముట్లును, ఒక ఆంటెన్నా స్తంభమును ప్రభుత్వమే సమకూర్చవలెనని నా వాదము.

ఇది ఊహ మీద నిలిపిన వాదము కాదు. రెండు దశాబ్దముల క్రిందట, పల్లెలకు ఫైబరు ఇంకను చేరని కాలమున, బైర్రాజు ఫౌండేషన్ వారు పశ్చిమ గోదావరి గ్రామములలో ‘అశ్విని’ యను పేర దూరపు వైఫై సంధానములను నెలకొల్పిరి. కాన్పూరు ఐఐటిలో ఆచార్యులుగా నుండిన భాస్కరన్ రామన్ గారి బృందము ఆ ప్రయత్నములో పాలుపంచుకొన్నది. ఆ కాలముననే బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, ఎరిక్ బ్రూవర్ నాయకత్వమున, తమిళనాట తేని ప్రాంతమున అరవింద్ కంటి ఆసుపత్రి వారి గ్రామీణ కేంద్రములను ఇట్టి సంధానములతోనే పట్టణపు ఆసుపత్రికి కలిపి, డాక్టరు అక్కడనే కూర్చుండి పల్లెలోని రోగితో మాటాడు వీలు కల్పించిరి. వారు 2008లో తమ అనుభవములను గ్రంథస్థము చేసినప్పుడు, రేడియోల గూర్చి చదువబోయినవారికి అందులో కరెంటు గూర్చిన కథ యెక్కువగా కనిపించినది. దక్షిణదేశమున నొక పల్లెలో ఆరు వారములు విద్యుత్తును కొలిచి చూడగా, 500 వోల్టులను మించిన పోటులు పలుమారులు వచ్చెనట, కొన్ని వెయ్యి వోల్టుల నందుకొనెనట. ఒక్కొక్కప్పుడు 70 వోల్టుల క్రిందికి దిగజారియు, మరియొకప్పుడు 350 వోల్టులకు పైన నిలిచియు ఉండెనట. అడాప్టర్లు మాడుటయు, రౌటర్లు చావక బ్రతుకక వ్రేలాడుటయు, వానిలోని మెమరీ కార్డులు చెడిపోవుటయు దీని ఫలితములు. దూరమున నున్న నిపుణునికి తెలియునది ‘లింకు పోయినది’ అను ఒక్క ముక్కయే. అక్కడ నిలబడియున్న మనిషి తీగ నూడదీసి చూడనేర్చినగాని ఆ ముక్కకు అర్థము తెలియదు. కావుననే స్థానిక సిబ్బందికి దోషనిర్ణయము నేర్పుటయే వారి పనిలో ముఖ్యభాగమైనది.

తేని కథ మన కథయే. కరెంటు పోయి వచ్చిన క్షణమున ఊరి బోరు మోటార్లన్నియు ఆటో స్టార్టర్ల పుణ్యమా యని ఒక్కుమ్మడిగా లేచునప్పుడు వోల్టేజి ఎంతకు దిగునో కొలిచిన రౌటరు యజమానులు మనలో ఎందరు? మల్టీమీటరు ముల్లులను అడాప్టరు కొసన ఆనించి, అది ఊరక యున్నప్పుడు 12 వోల్టులు చూపినదని తృప్తిపడుట చాలదు. బరువు మోయుచుండగా, అనగా డాబా మీది రేడియో పనిచేయుచుండగా, పొడవాటి సన్నని కేబులుకు ఆవలి కొసన ఎంత మిగిలినదో చూడవలెను. హామ్ సెట్టు చక్కగా వినిపించుచు, మాటాడుటకు మీట నొక్కినంతనే ఆరిపోయినచో, నూటికి తొంబది పాళ్లు తప్పు సెట్టుది కాదు, బ్యాటరీది, లేదా దానికి తగిలించిన బక్కతీగది.

ఇక నేను ప్రధానముగా చెప్పదలచినది. మన ప్రాంతమున వైర్‌లెస్ దోషములకు వేళలు కలవు, కార్తెలు కలవు. వానిని పెట్టెలో వెదకుటకంటె పంచాంగమును దగ్గర నుంచుకొని వెదకుట మేలు. విదేశములలో వ్రాసిన మార్గదర్శకములలో ఇది కానరాదు. ఆ దేశముల చెట్లు వేరు, ఎండలు వేరు.

మహదేవపూరు వైపు గాని, మానుకోట జిల్లాలో గూడూరు, కొత్తగూడ, గంగారము వైపు గాని పోవుకొలదియు అడవి చిక్కబడును. ఆ అడవిలో టేకు విస్తారము. టేకు ఎండకాలమున ఆకు రాల్చి మోడై నిలుచును, తొలకరితో చిగిర్చి ఆషాఢ శ్రావణములనాటికి వెడల్పాటి ఆకులతో నిండిపోవును. ఉత్సాహవంతుడైన కుర్రవాడు చైత్రములో రెండు స్తంభము లెత్తి, ఈ కొస నుండి ఆ కొసకు బైనాక్యులర్సుతో చూచి, చూపు సాగినది గదా యని 2.4 గిగాహెర్ట్జ్ సంధానము నెలకొల్పును; అది జ్యేష్ఠము వరకు నిరాటంకముగా నడచి, వానలు పడగానే కుంటుపడును. అప్పుడతడు రౌటరులో నీరు దిగినదని తలచి దానిని మార్చును. క్రొత్తదియు కుంటుచునే యుండును. ఆ పౌనఃపున్యమున తరంగము పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు మాత్రమే కావున, నీటితో నిండిన ఆకులు దానిని త్రాగివేయును. అంతేకాక, కన్ను సాగినంత మాత్రమున తరంగము సాగదు. అయిదు కిలోమీటర్ల దూరమున రెండు ఆంటెన్నాల నడుమ తరంగము సన్నని దారముగా కాక, నడిమి భాగమున పన్నెండున్నర మీటర్ల వ్యాసార్ధము గల ఉబ్బెత్తు మార్గముగా పయనించును. ఫ్రెనెల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేర పిలువబడు ఆ మండలములో కనీసము 60 శాతము నిరాటంకముగా నుండవలెను. చైత్రములో మోడుగా కనిపించిన చెట్టు శ్రావణములో ఆ మార్గములోనికి కొమ్మలు చాపును. అడవి ప్రాంతమున స్తంభము ఎత్తును నిర్ణయించువాడు వానకాలములో నిర్ణయింపవలెనే గాని ఎండకాలములో కాదు.

జనగామ వైపు అడవి లేదు, బండరాతి గుట్టలు గలవు. అక్కడి శత్రువు వేడిమి. రోళ్లు పగులు రోహిణి కార్తెలో సిమెంటు డాబా మీద మూత బిగించిన ప్లాస్టికు పెట్టెలో నున్న రేడియో మధ్యాహ్నము రెండు గంటలకు స్పృహ తప్పి, రాత్రి పది గంటలకు లేచి కూర్చుండును. పగలు వచ్చి చూచిన మెకానిక్కు చెడినదనును, రాత్రి పరీక్షించిన యజమాని బాగున్నదనును. ఇద్దరును నిజమే చెప్పుదురు. పెట్టెకు తెల్లరంగు వేసి, పైన నొక రేకు నీడ కట్టి, అడుగున గాలి రంధ్రము లుంచినచో సగము పీడ విరగడ యగును.

చప్పుళ్లకు సహితము వేళలుండును. జనగామయు మానుకోటయు 25 వేల వోల్టుల రైలు తీగల క్రింది ఊళ్లు. షార్టువేవు వినువానికి రైలుతో వచ్చి రైలుతో పోవు గరగర ఎక్కడిదో చెప్పనక్కరలేదు. చేల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రము నుండి సాగు పెద్ద లైన్లకు సమీపమున నున్నవాడు, పింగాణీ ఇన్సులేటర్ల మీద దుమ్ము పేరుకొని మంచు కురిసిన తెల్లవారుజామున బుసబుస వినును. పెద్దవాన కడిగిపోయిన మరునాడు అది తగ్గును. ఇక పొద్దుగూకిన పిమ్మట సెకనునకొకమారు టిక్కు టిక్కుమను చప్పుడు మొదలై తెల్లవారుసరికి ఆగినచో, అది సెట్టులోని రోగము కాదు. అడవిపందుల బెడదకు రైతు మక్కచేను చుట్టు బిగించిన ఝట్కా మిషను తీగ ఎక్కడనో గడ్డికి తగిలి నిప్పురవ్వ రాల్చుచున్నదని గ్రహింపవలెను. రైతుతో తగవు పెట్టుకొనక, గడ్డి కోసి పెట్టిన చాలును. చేనికి కంచె బలపడును, రేడియోకు చెవి తెరపి పడును. ఇంటిలోని చప్పుళ్లకై వెదకుట ఇంకను సులభము. సెట్టును బ్యాటరీ మీద నడుపుచు ఇంటి మెయిన్ స్విచ్చి నార్పివేసి వినుడు. చప్పుడు ఆగినచో దొంగ ఇంటిలోనే యున్నాడు, చవుక ఎల్ఈడీ బల్బు రూపమున గాని, ఇన్వర్టరు రూపమున గాని.

కేబులు సంగతి క్లుప్తముగా చెప్పెదను. ఆర్‌జి-58 అను సన్నని కేబులు 145 మెగాహెర్ట్జ్ వద్ద పది మీటర్లకు రమారమి రెండు డెసిబెల్లుల నష్టము కలిగించి ఊరకుండును గాని, వైఫై పౌనఃపున్యమున మీటరునకు ఇంచుమించు ఒక డెసిబెల్లు చొప్పున మ్రింగి, పది మీటర్ల చివర పదియవ వంతు శక్తిని మాత్రమే మిగుల్చును. కావుననే తెలిసినవారు రేడియోను స్తంభము మీదనే ఆంటెన్నా వెనుక బిగించి, క్రిందికి ఈథర్నెట్ కేబులును మాత్రమే దింపుదురు. అతుకుల విషయమున మన దగ్గర నున్న నేర్పును మనమే మరచితిమి. జనగామ ప్రక్కనే యున్న పెంబర్తిలో ఇత్తడి రేకును సాగగొట్టి, మలచి, అతికి శిల్పముగా చేయు విశ్వకర్మలు తరతరములుగా నున్నారు. రాగి గొట్టముతో హామ్ ఆంటెన్నా చేసికొను విద్యార్థికి లోహమును ఎంత వేడి చేయవలెనో, సోల్డరు ఎప్పుడు పారునో, పైకి మెరయుచు లోపల పట్టని అతుకును ఎట్లు గుర్తింపవలెనో చూపుటకు వారిని మించిన గురువులు లేరు. ఇంజినీరింగు కళాశాలల వారెవరును ఆ ఊరి గడప తొక్కి ఈ సంగతి అడిగినట్లు నేను వినలేదు.

వెదకు పద్ధతి మాత్రము ఎల్లచోట్ల నొక్కటియే. గొలుసును నడుమకు విరిచి, దోషము ఈ సగములో నున్నదా, ఆ సగములో నున్నదా యని తేల్చుకొని, మరల ఆ సగమును విరువవలెను. ఒక్కమారు ఒక్కటి మాత్రమే మార్చి, ఫలితమును కాగితము మీద వ్రాసి, పిమ్మట రెండవదానికి పోవలెను. ఆంటెన్నాను ఊడదీసి దాని స్థానమున 50 ఓముల డమ్మీ లోడును తగిలించి చూచినచో, తప్పు సెట్టుదో, ఆకాశమువైపుదో నిమిషములో తేలును. ఆంటెన్నాయు డమ్మీ లోడును రెండును లేకుండ మీట నొక్కుట మాత్రము సెట్టునకు ప్రాణహాని. నానోవీఎన్ఏ అను అరచేతి పరికరము వచ్చిన తరువాత, ఒకప్పుడు పరిశోధనశాలలకే పరిమితమైన కొలతలు సామాన్య విద్యార్థికి అందినవి. టీవీ చూచుటకై చేసిన చిన్న యూఎస్‌బీ డాంగిలు సార్వత్రిక రేడియో రిసీవరుగా పనిచేయునని 2012లో బయటపడినప్పటి నుండి చప్పుడును చెవితో వినుటయే కాక కంటితో చూచుటయు సాధ్యమైనది. పనిముట్ల కరవు లేదు. నేర్పువారి కరవు కలదు.

ఈ విద్యతో జిల్లాకేమి పని యనువారు రెండు తేదీలను గుర్తు తెచ్చుకొనవలెను. 2023 జూలై 27 ఉదయమునకు ముగిసిన ఇరువదినాలుగు గంటలలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 61 సెంటీమీటర్లకు పైబడి వాన కురిసినది; మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచగా, జనులు ఇండ్ల కప్పుల మీదికెక్కి ప్రాణములు దక్కించుకొనిరి, వారిని తరలించుటకు హెలికాప్టర్లు రావలసి వచ్చినది. 2024 సెప్టెంబరు 1న మానుకోట జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నెల నడుమ వరద రైలుపట్టాల క్రింది కంకరను ఊడ్చుకొనిపోయినది. సెల్లు టవరు పనిచేయవలెనన్న దానికి కరెంటును, వెనుక ఫైబరును ఉండవలెను. వాగు రోడ్డును కోసినప్పుడు ఆ రోడ్డు ప్రక్క తీగను విడిచిపెట్టదు. అట్టి రాత్రి కారు బ్యాటరీ మీద నడచు వైర్‌లెస్ సెట్టు ఎంత పని చేయునో హైదరాబాదు వారికి తెలియును. 1983లో అచ్చట స్థాపింపబడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున భారతీ ప్రసాద్ గారు ఒక బృందముతో, హామ్‌ల వినోద యాత్రగా 2004 డిసెంబరులో అండమానులకు వెళ్లియుండగా, 26వ తేదీన సునామీ వచ్చి వినోదము కాస్తా విపత్సేవగా మారినది; పోర్టుబ్లెయిరు నుండి క్షేమసమాచారములను ప్రధానభూమికి చేరవేసినవారిలో వారు ముఖ్యులు. ఇందు గమనింపదగినది, ఆనాడు సెట్టులును, ఆంటెన్నాలును, వానిని చక్కదిద్దగల చేతులును ఒక్కచోటనే యుండుట. బీరువాలో దాచిన సెట్టు వరదరాత్రి పలుకదు. వారము వారము పలికించి, చెడగొట్టి, బాగుచేసిన సెట్టే పలుకును.

చట్టమన్న భయముతో వెనుదీయు తలిదండ్రులకు ఒక మాట. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పట్టీ 2005 నుండియు, 5 గిగాహెర్ట్జ్ పట్టీలలో అధికభాగము 2018 నుండియు, నిర్ణీతశక్తికి లోబడి లైసెన్సు లేకుండ వాడుకొనదగినవే. అయితే ఇతరుల వలన అంతరాయము కలిగినదని ఫిర్యాదు చేయు హక్కు అందు లేదు. వాకీటాకీల సంగతి వేరు. అంతర్జాల విపణిలో చవుకగా దొరకు చేతి సెట్టులలో పెక్కింటిని లైసెన్సు లేక పలికించుట నేరము; అట్టి విక్రయములను అరికట్టుటకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025 మే నెలలో మార్గదర్శకములు వెలువరించినది. ఈ అడవుల ఇటీవలి చరిత్ర నెరిగినవారికి, వైర్‌లెస్ సెట్టు చేతబట్టి తిరుగువాడు ఏల సంశయింపబడునో వేరుగ చెప్పనక్కరలేదు. కాని హామ్ పరీక్షకు పన్నెండేండ్ల బాలుడును కూర్చుండవచ్చును. లైసెన్సుతో లభించు పిలుపు గుర్తు పోలీసువారికి అనుమానము తీర్చు పత్రము, విద్యార్థికి గౌరవచిహ్నము.

కావున మూడు జిల్లా కేంద్రములలోను, ఐటీఐలో గాని, పాలిటెక్నిక్‌లో గాని, క్లబ్బు లైసెన్సుతో నొక స్టేషను ఏర్పరుపవలెను. దానికి క్రొత్త భవన మక్కరలేదు. ప్రారంభోత్సవము లేకున్న మరియు మంచిది. పనిముట్ల తాళపుచెవి ప్రిన్సిపాలు గారి బీరువాలో చేరినచో పథకము ఆనాడే ముగిసినట్లు కావున, అది ఇద్దరు విద్యార్థుల వద్ద నుండవలెను. వారికి అప్పగింపవలసిన మొదటి పని క్రొత్త సెట్టుల కొనుగోలు కాదు. ఉగాది నుండి ఉగాది వరకు తమ ప్రాంతమున ఏ లింకు ఏ తేదీన, ఏ వేళ, ఏ వాతావరణములో తెగినదో, ఏది మార్చగా బాగుపడినదో వ్రాసియుంచు నొక దినచర్య పుస్తకము. అందులో లైన్ల చప్పుడుకు సంబంధించిన పుటలు విద్యుత్ శాఖకును, వాననాటి తెగుదలలకు సంబంధించినవి కలెక్టరు కార్యాలయపు విపత్తు విభాగమునకును ఏటేట వానకాలమునకు ముందే పంపవలెను.