తాళం పోటీ కాదు
2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలవగానే బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు పాతికేళ్లపాటు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు వరంగల్ మామునూరుకు అడ్డుగోడైంది. శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్ దాన్ని సడలించాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతిచ్చింది. పీసీ గేముల స్టోర్లలోనూ ఇలాంటి గోడలే లేచాయి. 2018 డిసెంబరులో వచ్చిన ఎపిక్ స్టోరు, మరో స్టోరైన స్టీమ్ అమ్మకాలపై సాధారణంగా తీసుకునే 30 శాతం వాటాకు బదులు 12 శాతం చాలంది. గేము తయారుచేసేవాళ్లకు అది నిజమైన మేలు. ఆ మేలుతో ఆగకుండా, డబ్బిచ్చి మరీ ‘మా దగ్గరే అమ్మాలి’ అనే ఒప్పందాలకు దిగింది. అలాంటి ఒప్పందంతోనే ‘మెట్రో ఎక్సోడస్’ గేము విడుదలకు రెండున్నర వారాల ముందు స్టీమ్ పేజీలో కొనే బటన్ మాయమైంది. ముందే కొన్నవాళ్లకు ఆట అందింది. మిగతావాళ్లకు అక్కడ మళ్లీ దొరకడానికి ఏడాది పట్టింది. కోట్లు పోసి రన్‌వే కట్టినవాళ్లు కొంతకాలం రక్షణ అడిగితే అర్థం చేసుకోవచ్చు. ఎన్ని స్టోర్లలో పెట్టినా తరగని డౌన్‌లోడ్‌కు ఆ అవసరం లేదు. తక్కువ వాటా, మంచి ధర, మెరుగైన సేవ, ఇవీ పోటీ అంటే. తలుపుకు తాళం వేయడం పోటీ కాదు. ఎక్కడ కొనాలో కొనేవాళ్లనే తేల్చుకోనివ్వండి.