గింజ సత్తువ... సాళ్లలోనే!

సంకర విత్తనం అనగానే ప్రయోగశాల గుర్తొస్తుంది కదూ! పత్తి విషయంలో మాత్రం అది తయారయ్యేది పొలంలోనే, అదీ చేతులతోనే. ప్రపంచంలో వాణిజ్య సాగుకు వచ్చిన తొలి సంకర పత్తి ‘హెచ్‌-4’. 1970లో గుజరాత్‌లోని సూరత్‌ పరిశోధన కేంద్రం నుంచి విడుదలైంది. ఇప్పుడు కృష్ణా, తుంగభద్రల నడుమనున్న మన గద్వాల ప్రాంతం ‘సీడు పత్తి’కి పెట్టింది పేరు.

మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్లోని పుప్పొడి తిత్తుల్ని ముందురోజు సాయంత్రమే తీసేస్తారు. తెల్లారాక మగ మొక్కల పూలు తెచ్చి పుప్పొడి అద్దుతారు. ఇలా ఒక్కో పువ్వుకీ! అందుకే మామూలు పత్తికన్నా సాళ్లు ఎడంగా ఉండాలి. కొమ్మలు విరగకుండా మనుషులు తిరగాలి, కింది కాయలకూ ఎండ తగలాలి. ఒత్తుగా వేస్తే ఎకరానికి మొక్కలు పెరుగుతాయి కానీ, ఒక్కో మొక్కకు కాయలు తగ్గుతాయి. గాలాడక ముసురుకు కుళ్లుతాయి కూడా.

నీరూ అంతే. పూత, కాయ దశల్లో తడి తప్పితే అంత శ్రమపడి అద్దిన పూలూ పిందెలూ రాలిపోతాయి. మిగిలిన కాయల్లో తాలు గింజలే ఎక్కువ. అలాగని నీళ్లు అతిగా పెడితే మొక్క ఏపుగా పెరుగుతుందే తప్ప కాపు ఆలస్యమవుతుంది. కాయలు పగిలే వేళకు తడులు ఆపేయాలి. విచ్చిన పత్తి తడిస్తే గింజ మొలకశక్తి పోతుంది.

విత్తనంగా అమ్మాలంటే నిర్ణీత శాతం గింజలైనా మొలవాలన్నది నిబంధన. ఆ పరీక్షలో తప్పితే సీడు రైతుకు సీజను కష్టమంతా వృథా. పొరపాటున నాసి గింజ సంచిలోకి చేరిందా... వచ్చే ఖరీఫ్‌లో ఎక్కడో ఆ ప్యాకెట్టు విప్పిన మరో రైతుకూ అదే గతి!