మాల తీసిన తరువాత

కార్తీకం ప్రవేశించగానే అమలాపురం నుండి రాజోలు దాకా కోనసీమ గ్రామాలలో నల్లవస్త్రధారులు కనిపిస్తారు. నిన్నటివరకు ఏటిగట్టున మిత్రబృందంతో మద్యం సేవించిన యువకుడే అయ్యప్ప దీక్ష స్వీకరించి, మండలకాలం, అనగా 41 దినాలు, దానిని స్పృశించడు. చన్నీటి స్నానం, భూశయనం, సాయంకాలం భజన. ఆ దినాలలో తృష్ణ కూడా అతణ్ణి అంతగా బాధించదు. మాల విసర్జించిన పిదప వచ్చే తొలి మహోత్సవం సంక్రాంతి. కోడిపందేల బరి పక్కన, కొబ్బరితోటలో, అతని చేతికి మళ్లీ గ్లాసు వస్తుంది.

“వాడికి మనోనిగ్రహం లేదు” అని పెద్దలు తీర్పు చెబుతారు. ఇది అన్యాయమైన తీర్పు. నిగ్రహమే లేనివాడు 41 దినాలు ఎట్లా నిలిచాడు? మారినది అతని చుట్టూ ఉన్న జనం. దీక్షలో అందరూ “స్వామీ” అని సంబోధించారు, ఎవ్వరూ పాత్ర చాచలేదు. మాల తీయగానే “ఇంకేంటిరా, మాల తీసేశావుగా!” అన్న పిలుపు వచ్చింది.

విషయచింతన వలన సంగం, సంగం వలన కామం పుడతాయని గీత ద్వితీయాధ్యాయం బోధిస్తుంది. అక్కడ సంగమంటే ఆసక్తి. సహవాసానికీ సంస్కృతంలో అదే శబ్దం! పూర్వం తాగిన చోటు, తోడు కూర్చున్న ముఖం, గ్లాసుల చప్పుడు కోరికను రేపుతాయని నేటి మనశ్శాస్త్రం కూడా అంటుంది. మన పరిభాషలో అది వాసన.

శాసనమొక్కటే దీనిని ఆపలేదు. మౌసలపర్వంలో ద్వారకాపురమంతటా సురానిర్మాణాన్ని నిషేధించి, అతిక్రమించినవానికి శూలదండన చాటించారు. ఆ యాదవులే ప్రభాసతీర్థానికి వెళ్లి, శ్రీకృష్ణుని సన్నిధిలోనే గుంపుగా తాగి పరస్పరం హతమార్చుకున్నారు. వెళ్లింది తీర్థయాత్రకే! మన రాష్ట్రంలోనూ 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. అంతకుముందు, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తాగుబోతుకు నీతులు చెబుతూ కూర్చోలేదు, సారా దుకాణాన్నే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. వ్యాధి ఎక్కడున్నదో ఆ తల్లులకు తెలుసు.

“పండుగ మూడు దినాలే కదా” అనేవారున్నారు. తొలి గ్లాసు పోసేది శత్రువు కాదు, వరసకు బావ, లేదా చిన్నాన్న. 21 ఏళ్లు నిండనివానికి మద్యం అమ్మరాదని చట్టం దుకాణదారునికి చెబుతుంది. తోటలో పోసే బావకు ఆ భయమూ లేదు. పక్కనే నిలిచి నవ్వే తండ్రి మరునాడు కుమారునికి శాంతిహోమం చేయించాలని ఆలయానికి వస్తాడు. హోమం చేయవచ్చు. ఆ తోటకు ముందుగా ఎవరు తీసుకుపోయారో కూడా అక్కడే అడగాలి.

దీక్షాకాలమంతా పిల్లవాణ్ణి కనిపెట్టి ఉన్న గురుస్వామి, మాల తీసిన మరునాడు అతణ్ణి ఎవరి మధ్య వదులుతున్నాడు? భోగి మొదలు ముక్కనుమ దాకా నాలుగు సాయంత్రాలు అదే మండపంలో అదే బృందాన్ని కూర్చోబెట్టడానికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలను వరిచేల మీదుగా, కౌశిక నీటిలో దిగి, భుజాల మీద మోసేది ఈ ఈడు కుర్రవాళ్లే. బరి నుండి కబురు రాకముందే ఆలయం నుండి వారికి కబురు వెళ్లాలి.