ఓర్వకల్లు – విశాఖపట్నం: గగనతల దూరమెంత? ప్రయాణ కాలమెంత?

కర్నూలు: రాయలసీమ పశ్చిమ భాగాన్ని ఉత్తరాంధ్ర తీరంతో కలిపిన విమాన మార్గంగా కర్నూలు – విశాఖపట్నం సర్వీసు పేర్కొనదగినది. కర్నూలు – నంద్యాల రహదారిపై ఓర్వకల్లు వద్ద రాష్ట్ర ప్రభుత్వం నిర్మించిన విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. మార్చి 28న ఉడాన్ పథకం క్రింద బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాల రాకపోకలు మొదలయ్యాయి. స్వాతంత్ర్య సమరయోధుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరును ఈ విమానాశ్రయానికి పెట్టడం జరిగింది.

రెండు విమానాశ్రయాల నడుమ సరళరేఖలో దూరం సుమారు 580 కిలోమీటర్లు. ఈ రేఖ నల్లమల మీదుగా సాగి, విజయవాడకు కొంచెం ఉత్తరంగా పోయి, రాజమహేంద్రవరం సమీపాన గోదావరిని దాటుతుంది. రోడ్డు మార్గం దాదాపు 700 కిలోమీటర్లు. అనగా దూరంలో ఆదా అయ్యేది ఆరవ వంతు మాత్రమే. అసలు లాభం వేగంలో ఉన్నది. గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్ తరహా విమానానికి గగనంలో గంటా పది నిమిషాలు, పైకి లేవడానికి, దిగడానికి, రన్‌వేపై కదలడానికి మరికొంత సమయం కలిపి గంటన్నర చాలును. రోడ్డుపై పన్నెండు గంటలకు తక్కువ పట్టదు.

అయితే పత్రికలలోను, అధికార ప్రకటనలలోను కనిపించే ఈ "గంటన్నర" ప్రయాణికుని గంటన్నర కాదు. కర్నూలు నుంచి ఓర్వకల్లుకు అరగంట, తనిఖీలకు కనీసం గంట, దిగిన తరువాత సామాను తీసుకొని విశాఖ నగరంలోకి చేరడానికి మరో గంట కలిపితే నాలుగు గంటలవుతుంది. ఆదోని వాసికి ఇంకో రెండున్నర గంటలు అదనం. విశాఖ నగరానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని భోగాపురానికి పౌర విమానాలు మారిన పక్షంలో ఈ లెక్క మరికొంత పెరుగుతుంది. అయినప్పటికీ రోడ్డు ప్రయాణంతో పోలిస్తే లాభం తక్కువేమీ కాదు.

ఈ లాభాన్ని హరించేది దూరం కాదు, విమానం లేని రోజు. ఉడాన్ మార్గాలలో అనేకం వారంలో కొన్ని రోజులకే పరిమితం. ఆపరేషన్ తేదీ నిర్ణయమైన రోగికి, కౌన్సెలింగ్‌కు పోవలసిన విద్యార్థికి మరునాటి విమానం ఉపయోగపడదు. వారు బస్సే ఎక్కుతారు. సీట్లు ఖాళీగా మిగులుతాయి, ఆ ఖాళీలే సర్వీసు తగ్గింపునకు కారణంగా చూపబడతాయి.

నష్టభర్తీ నిధి మూడేళ్లకు మాత్రమే లభిస్తుందన్నది ఇక్కడ గమనార్హం. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ తొలి మార్గాలలో ఒకటిగా కడప – హైదరాబాద్ సర్వీసు మొదలైంది. దానిని నడిపిన ట్రూజెట్ 2022లో కార్యకలాపాలు నిలిపివేసింది. కావున ఇటువంటి మార్గాలపై ప్రకటన వెలువరించేటప్పుడు ప్రయాణ కాలంతో పాటు వారంలో ఎన్ని రోజులు, ఏ వేళలలో, ఏ తేదీ వరకు అన్న వివరాలను అధికారులు తెలుపవలెను. తెలుపనిచో పాత్రికేయులు అడిగి తీరవలెను.